మందం సరిపోయిందన్న ప్రెస్సు మావ

బావా,

నీ ఉత్తరం వొచ్చి ఇరవై రోజులు దాటిపోనాది. అక్కడ నౌపడలో ఉప్పు బస్తాల మీద కూకొని, ఈడికి నాలుగు ముక్కలు రాయడానికి తీరిక నేదు, కొట్టెలాగ నడుపుతన్నాడో అనీసి తిడతన్నావని తెలుసు. తిట్టు, పడతాను. కాని బద్ధకం వల్ల కాదు. మన ప్రెస్సు మావ పోయాడు.

ఆయన పోయిననాడు నాను బరంపురంలో సరుకు ఏరుకుంటన్నాను. బాసికాలు, జరీ దారాలు, రంగు కాయితాలు మూట కట్టుకొని వారం పోయేక బొబ్బిలి స్టేషన్లో దిగి నేరుగా కొట్టుకే ఎల్లాను. తలుపు సందులో ఒక కార్డు దూర్సి ఉన్నాది. మావ పోయాడని, పన్నెండో రోజు బోజనానికి రమ్మని.

సావు కబురు కాయితం గడప దాటించకూడదు గదా. ఈదిలోనే సదివీసి, అక్కడే సింపీసి, కాళ్ళు సేతులు కడుక్కొని లోపలికి పోవాల. నానూ ఈదిలోనే సదివాను. సింపబోయాను. సిరగనేదు. అడ్డంగా పట్టుకొని లాగాను. వంగింది గాని సిరగనేదు. అట్టలాంటి కార్డు బావా, తెల్లగా నున్నగా, అంచుకి వెండి గీత. ఎదర కొట్టోడు ఏటా అనీసి సూస్తన్నాడు. ఆఖరికి ఆడి కాడే కత్తెరడిగి తెచ్చి నాలుగు ముక్కలు కోసాను. సావు కార్డు కత్తెరతో కోసినోడు మనూర్లో నానొక్కడినే అయ్యుంటాను.

ఏడుపు తరవాతొచ్చింది. ముందు వొళ్ళు మండింది. ఇప్పుడు ఇది రాస్తంటే కూడా మండుతానే ఉన్నాది.

ఆ కార్డు అత్తయ్య తమ్ముడు ఏయించాడంట. పార్వతీపురం నుంచొచ్చి, బావగారు బతుకంతా అచ్చేసుకున్న మనిషి, ఆయన కార్డు ఘనంగా ఉండాలనుకొని, విజీనారంలో పెద్ద మిషను ప్రెస్సుకెల్లి, ఉన్నవాటిలో బాగా మందం కార్డు ఇమ్మన్నాడంట. ఇంటి వసారాలో మావ సొంత మిషను ఉండగా. ఆడికి తెలీక సేసాడు, ఆణ్ణేటనగలం. కాని మావ బతికుంటే ఆ కార్డు సూసి మళ్ళీ సచ్చీవోడు.

నువ్వడిగిందేటి? మీ తమ్ముడి పెళ్ళికి దళసరి కార్డు ఏయించాల, ఏ ప్రెస్సు బాగుంటాది, ఎన్ని గ్రాముల కార్డు తీసుకోమంటావు అని. పెళ్ళికొడుకు పేరు, పిల్ల పేరు రాసి, నమూనాకి బరంపురం కార్డొకటి పంపేవు. అంతవరకు బాగానే ఉన్నాది. కింద ఒక మాట రాసేవు సూడు, మావ ప్రెస్సు మాత్రం వొద్దులే, మిల్లోళ్ళ కార్డు సంగతి తెలిసిందే గదా, ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోరు అని. ఆ మాట సదివిననాటికి మావ బతికే ఉన్నాడు. దానికి జవాబు రాయాలంటే నాను ఒక నిజం సెప్పాల. సెప్పలేక నీ ఉత్తరం గల్లా పెట్టె కిందకి తోసీసి బరంపురం ఎల్లిపోయాను. ఇవేళ సెప్తాను. కార్డు సంగతీ సెప్తాను, మావ సంగతీ సెప్తాను. ఆ రెండూ ఏరేరు కావు.

మావ నాకు వరసకే మావ, రక్తం సుట్టరికం ఏటీ నేదు. నాను పెళ్ళి సామాన్ల కొట్టు పెట్టిన కొత్తలో, బాసికాలకొచ్చినోళ్ళు కార్డులు కూడా అడుగుతంటే ఆర్డరు పట్టుకెల్లి ఆయనకిచ్చీవోణ్ణి. మూడో ఆర్డరుకే ‘అల్లుడూ’ అనీసాడు. వీణలు సేసేవోళ్ళ ఇంటి పక్క వసారా, అందులో ఒక ట్రెడిలు మిషను, నాలుగు కేసుల అచ్చు అక్షరాలు, ఒక నల్లబల్ల. అంతే ప్రెస్సు. అత్తయ్య కాలితో తొక్కుతంటే మావ కుడిసేత్తో కార్డు పెట్టి ఎడంసేత్తో తీసీవోడు. ఇద్దరికీ మాటలుండీవి కావు, మిషను సప్పుడే. ఎప్పుడైనా ఎవులైనా మావ పనితనం మెచ్చుకుంటే అత్తయ్య మాత్రం ఊరుకోదు. "సేతులు ఆయనవేగాని, ఊరందరి పెళ్ళిళ్ళూ నా కాళ్ళ మీదే నడిసాయి నాయనా" అనీది.

ఆర్డరు ఇవ్వడానికి ఎవులెల్లినా మావ రంగు అడగడు, గ్రాములడగడు. కళ్ళద్దాలకి కట్టిన దారం సర్దుకొని, "ఇది ఎవుల సేతికెల్తాదిరా" అనీవోడు. మొదట్లో నాకు నవ్వొచ్చీది. ఎవుల సేతికెల్తే నీకెందుకు మావా అనీవోణ్ణి. ఆయన నవ్వీవోడు కాదు. బిల్లు పుస్తకమైతే గుమస్తా సేతికి, దానికి నున్నటి కాయితం పనికిరాదు, కలం జారిపోతాది. అరవయ్యేడు ఎలక్షన్లప్పుడు ఓట్ల కాయితాలేస్తే, అవి సంతలో పకోడీ పొట్లాలకెల్తాయిరా, సిరా ఎండేదాకా ఇవ్వకూడదు, నూనెకి వదిలితే తినీవోడి కడుపులోకి పోతాది అనీసి అందరికన్నా ఒకరోజు ఆలస్యంగా ఇచ్చాడు. పార్టీవోళ్ళొచ్చి గుమ్మం ముందు ఎగిరితే కదలనేదు మనిషి.

నీ ఉప్పు అట్టల సంగతి మరిసిపోయేవా? బస్తాలకి కట్టడానికి నీ పేరూ నంబరూ ఏసి అట్టలు కావాలని నువ్వొచ్చిననాడు, గుప్పెడు ఉప్పు పంపరా అన్నాడు. నువ్వు సంచీడు పంపేవు. ఆయన మూడు రకాల అట్టలు కోసి, ఆ తడి ఉప్పులో పాతి, కుండ కిటికీలో పెట్టాడు. నువ్వు సూసి, మావా, ఊరగాయ పెడతన్నావేటి అన్నావు. "అట్టని కాదురా, నీ పేరుని ఊరేస్తన్నాను. ఉంటాదో పోతాదో సూద్దాం" అన్నాడు. పది రోజులు పోయేక తీస్తే, నువ్వు అందరికన్నా మందంగా ఉందని ఏరుకున్న అట్టే ముందు పొరలుపొరలుగా ఇడిపోయింది. సన్నపాటి గోధుమరంగు అట్ట నిలబడింది. ఇప్పటికీ నువ్వు అదే వాడతన్నావు గదా.

కార్డు సూడ్డంలో ఆయనకో పద్ధతుండీది. ముందు సెవి కాడ పట్టి ఊపీవోడు. ఫెళ్ళుమంటే, ఇది మడతలో పగుల్తాది అనీసి పక్కన పడేసీవోడు. పక్కింటి వీణలాయన పనస సెక్కని గోటితో కొట్టి ఇంటంటే, ఈయన కార్డు ఊపి ఇనీవోడు, ఒకే అరుగు మీద. తరవాత సివర సిన్న ముక్క తుంపి నాలిక మీద తడిపి సూసీవోడు. తడికి గొట్టంలాగ సుట్టుకుంటే ఆ గొట్టం పొడుగునా పోగున్నట్టు. కర్రకున్నట్టే కార్డుకీ పోగుంటాది, పోగు ఏపుకి మడిస్తే మడత నిలుస్తాది, పోగుకి అడ్డంగా మడిస్తే పగుల్తాది. రీముకిన్ని పౌన్లని పాత లెక్కుండగా, మావ పౌన్లు నమ్మీవోడు కాదు. గ్రాములొచ్చేక గ్రాములూ నమ్మనేదు. "బరువు అమ్మినోడు సెప్తాడు, మడత మనం సూసుకోవాల" అనీవోడు.

ఇంకో మాట కూడా అనీవోడు. నాను ఎన్నిసార్లు ఇన్నానో. "పెళ్ళి కార్డు గూట్లో ఏడాది నిలబడాల. సావు కాయితం తడిసేతికి సిరగాల." సావు కాయితాలకి ఆయన వాడేది ఎంత పల్సటి కాయితమంటే, ఎండకి పెడితే వెనక అక్షరాలు కనిపించీవి. కబురందుకున్నోడి సేతిలో బలముండదురా, ఆణ్ణి కాయితంతో కుస్తీ పట్టించకూడదు అనీవోడు. అలాటోడి కార్డు నాను కత్తెరతో కోసాను.

ఇప్పుడు మిల్లోళ్ళ కార్డు. ఆగు, కూకొని సదువు.

రెండేళ్ళ కిందట మనూరి మిల్లు ఆసామి కొడుకు పెళ్ళి కుదిరింది. నా కొట్టు ఉన్న జాగా ఆయనదే, ఆ సంగతి నీకు తెలుసు. ఆయన నన్ను ఇంటికి పిలిపించి, బరంపురం కార్డొకటి బల్లమీద పడేసి, "మా ఇంటి కార్డు కింద పడేస్తే సప్పుడవ్వాల్రా" అన్నాడు. మూడొందల గ్రాముల అట్ట కావాల. తెరిస్తే ఎర్రటి పట్టీ మీద బంగారు రంగులో పిల్లాడి పేరు ఎడంపక్క, పిల్ల పేరు కుడిపక్క, ఈ సివర నుంచి ఆ సివరకి ఒకటే వరసలో ఉండాల. నాను అలాగేనండి అలాగేనండి అనుకుంటా మావ కాడికి పరిగెట్టాను.

మావ ఆ అట్ట ఊపి సూసాడు, తడిపి సూసాడు, మడిసి సూసాడు. మడత సోట ఎర్రరంగు ఇరిగి తెల్లగా సీలింది. "సప్పుడు కావాలంటే పలకలు పంచిపెట్టమను" అన్నాడు. నాను బతిమాలాను. ఆయన కూడా మొండికెయ్యనేదు, దారి సెప్పాడు. కార్డు రెండొందల గ్రాములకి దించు, లేదా మడత తీసీసి ఒంటి అట్ట సెయ్యి, పేర్లు రెండూ ఒకే పేజీలో పెట్టు, నాను ఏస్తాను అన్నాడు. ఈ మూడింట్లో ఒక్కటీ మిల్లాసామికి సెప్పే దమ్ము నాకు నేదు. ఆయన ఇంట్లో ఇంకా మూడు పెళ్ళిళ్ళున్నాయి. మావ మీదే కోపం తెచ్చుకున్నాను. ఈ ముసిలోడికి ఏటీ సేతకాదు, నా ఆర్డరు పోగొడతన్నాడు అనుకున్నాను. అనుకున్నాను బావా, దాచడం ఎందుకు.

అట్టలు పట్టుకొని విజీనారం ఎల్లాను. అక్కడ పెద్ద ప్రెస్సు, దాని పేరు నీకనవసరం. పెద్ద గుండ్రటి డ్రమ్ము మిషను, కరెంటుతో తిరుగుతాది. ఎంత మందమైనా మా మిషను మింగేస్తాది అన్నాడు దాని ఓనరు. నాకు ఆ మాటే కావాల. మావ మిషన్లో కార్డు పలక మీద బల్లపరుపుగా ఉండగానే అచ్చు పడతాది. ఈ మిషన్లో కార్డు డ్రమ్ము సుట్టూ తిరగాల. అంత మందం కార్డు డ్రమ్ము సుట్టూ తిరిగితే ఏటవుతాది? విల్లులాగ వొంగి బైటికొచ్చింది. కట్టల మీద రాళ్ళు పెట్టి సాపు సేసారు. పైగా కార్డు కలిసొస్తాదని మడత పోగుకి అడ్డంగా పడేలాగ కోసారు. నాను అన్నీ కళ్ళారా సూసాను. మావ పక్కన పన్నెండేళ్ళు కూకున్నోణ్ణి, నాకు తెలీదేటి? బాగున్నాయి బాగున్నాయి అనీసి మూట కట్టించాను. ఇంకో పని కూడా సేసాను. కార్డు అడుగున ప్రెస్సు పేరు ఎయ్యొద్దన్నాను. మావ సూస్తే బాధపడతాడని. అప్పుడలాగ అనుకున్నాను.

మిల్లోళ్ళ ఆడోళ్ళు నాలుగు మూలలా తడి పసుపు రాసారు, కవర్లలో పెట్టారు, ఊర్లమ్మట పంచారు. వారం తిరక్కుండా మొదలైంది. సాలూర్లో ఒకళ్ళు కవరు తీస్తే పెళ్ళికొడుకు పేరున్న ముక్క ఒకటి, పెళ్ళికూతురు పేరున్న ముక్క ఒకటి ఒళ్ళో పడ్డాయంట. ఆ ఇంటోళ్ళు అపశకునమని ముక్కలు రెండూ తిరిగి పంపించీసారు. అలా ఎన్నిళ్ళనుంచి కబుర్లొచ్చాయో. పెళ్ళి ఆగనేదు, బాగానే అయ్యింది, ఆ పిల్లకి ఇప్పుడు ఒక కొడుకు కూడా. కాని ఆ రోజు మిల్లాసామి నా కొట్టుకొచ్చి రెండు ముక్కలూ నా బల్లమీద పెట్టాడు.

"ఎవడేసాడ్రా ఇది? ఆ తొక్కుడు మిషను ముసిలోడే గదా?"

నాను పసుపు పొట్లం కడతన్నాను. దారం ముడేస్తన్నట్టు తలొంచుకున్నాను. ఔనననేదు. కాదని కూడా అననేదు. ఆయన ఇంకో నాలుగు మాటలనీసి ఎల్లిపోయాడు. దారం ముడి పడింది, అంతే జరిగింది. అంతే జరిగింది గాని ఆ ముడితోనే మావ ప్రెస్సు మూతపడింది.

జతని ఇడదీసిన ప్రెస్సు అన్నారు. బొబ్బిలి సుట్టూ ఎవులూ పెళ్ళి కార్డు ఆ ట్రెడిలు మీద ఏయించనేదు. మావ ఇన్నేళ్ళు ఏసిన కార్డులు ఆళ్ళ ఇళ్ళల్లో గూళ్ళల్లో నిలబడే ఉన్నాయి, దుమ్ము దులుపుకుంటన్నారు కూడా, ఒక్కడికైనా బుర్ర ఉండాల గదా. ఇలాటి మనిషి అలాటి పని సేస్తాడా అని ఒక్కడూ అడగనేదు. నువ్వూ అడగనేదు. నీ ఉప్పు అట్టలు మాత్రం ఆపనేదు, దానికి నీకు దణ్ణం. కాని తమ్ముడి పెళ్ళనీసరికి నువ్వూ అదే మాట రాసేవు. నీ మీద కోపమొచ్చింది. నీ మీద రాదేటి? నిజం తెలిసినోణ్ణి నా మీదే నాకెంతుందో నీకు సెప్పలేను.

ఆ గొడవ జరిగిన నాలుగైదు రోజులకి మావ కాడికెల్లాను. ఆయనకి తెలీదనే అనుకున్నాను. టీ తెప్పించాడు. నాను తాగీసరికి గ్లాసు ఆయనే అందుకొని పక్కన పెట్టి, నా మొకం సూడకుండా అడిగాడు.

"కార్డులు బాగా వొచ్చాయా అల్లుడూ?"

"ఆ" అన్నాను.

మళ్ళీ ఎప్పుడూ అడగనేదు. రెండేళ్ళు. ఉబ్బసం ఎక్కువైపోయి గోడకి జారబడి కూకున్నప్పుడు కూడా అడగనేదు.

పన్నెండో రోజు బోజనాలకెల్లాను. మిల్లోళ్ళ ఇంటి నుంచి ఒక్క పురుగు రానేదు. నా పక్కన కిరాణా షావుకారు కూకున్నాడు. పప్పు కలుపుకుంటా, "మంచోడే పాపం. సివర్లో పనితనం పోయింది గాని. మిల్లోళ్ళ కార్డులు సూసేవు గదా" అన్నాడు. మావ అన్నం తింటా అన్నాడు ఆ మాట. మావ ఏసిన కార్డుతోనే ఆడి పెళ్ళీ అయ్యింది.

నాను ఇస్తరి ముందు నుంచి లేవనేదు. కూకొనే, వరసంతా ఇనేలాగ సెప్పాను.

"ఆ కార్డులు మావ ఎయ్యనేదు. ఆయన వొద్దన్నాడు. నానే విజీనారం పట్టుకెల్లి ఏయించాను. ఆయన పేరెత్తితే ఊరుకున్నాను."

వడ్డించే ఆయన గరిటె పట్టుకొని నిలబడిపోయాడు. "పులుసెయ్యమంటారా" అన్నాడు. ఏసాడు. తిన్నారు. షావుకారు నాకేసి సూడకుండా మజ్జిగ తాగి లేసాడు.

నాను సెయ్యి కడుక్కుంటంటే అత్తయ్య వసారాలోకి వొచ్చింది. ఏడుస్తాదో తిడతాదో అనుకున్నాను. గొంతు కూడా పెంచనేదు.

"రెండేళ్ళు మా అరుగు మీద కూకొని టీ తాగేవు గదరా" అంది. "ఇప్పుడు బోజనాల కాడ సెప్పేవు. ఇన్నది ఇరవై మంది. ఆ కార్డు ఎన్నూర్లెల్లింది?"

నాను సెంబు కింద పెట్టీసాను.

"నీ నోరు ఊరు దాటదు. కార్డుతో పోయిన పేరు కార్డుతోనే రావాల. ఈ మిషను మీద పెళ్ళి కార్డొకటి ఏసి, అడుగున ఆయన ప్రెస్సు పేరేసి, ఊర్లమ్మట పంపించు. అప్పుడు సెప్పినట్టు. లేపోతే మా తమ్ముడు ఈ మిషనుకి పాత ఇనప సామాన్లోణ్ణి మాటాడీసాడు, ఆడు వొచ్చీ శుక్రోరం వొస్తాడు."

అందుకే బావా, నీ ఉత్తరం గల్లా పెట్టె కిందనుంచి తీసాను. పదమూడో రోజు దాటేక, నువ్వు రాసిన పేర్లు, నువ్వు పంపిన నమూనా పట్టుకొని మావ ప్రెస్సుకెల్లాను. రెండొందల గ్రాముల ఐవరీ కార్డు నాలుగు షీట్లు తీసుకెల్లి, ఊపి, తడిపి సూసి, పోగు ఏపుకి మడత పడేలాగ నానే కోసాను. మీ తమ్ముడి పేరు, పిల్ల పేరు ఒకే పేజీలో, అడుగున ప్రెస్సు పేరు సిన్నక్షరాల్లో. కంపోజు అత్తయ్య ఏరి పెట్టింది.

మిషను కాడికొచ్చేసరికి ఆవిడ ఎనక్కి తగ్గింది. "నువ్వే తొక్కు, నువ్వే పెట్టు. నాను దూరం నుంచి సెప్తాను. నా సెయ్యీ కాలూ పెళ్ళి కార్డుకి తగలకూడదు" అంది. ఊరందరి పెళ్ళిళ్ళూ తొక్కిన కాళ్ళు బావా అవి. ఆ మాట ఇనీసరికి నాకొచ్చిన కోపం ఎవడి మీదో కూడా తెలీదు. మొండిగా తొక్కాను. నా కాలు ఒక తాళం, సెయ్యి ఒక తాళం. మొదటి కార్డు వంకర పడింది. రెండో కార్డుకి ఏదో టక్కుమంది. సూస్తే ఒక అక్షరం కింద ఒత్తు నలిగిపోయింది. ఆవిడ ఇంక ఉండలేకపోయింది.

"ఓరి నాయనా, దళసరి కార్డు పెడతన్నావు, పేకింగు తియ్యొద్దా. తప్పుకో" అంది.

నీకర్థమయ్యేలాగ సెప్తాను. ఆ మిషన్లో అచ్చు అక్షరాలు ఒకపక్కుంటాయి, కార్డు పెట్టే ఇనప పలక ఒకపక్కుంటాది. పలక మీద పాత కాయితాలు దొంతరగా పరిసి పైన గట్టి కాయితం బిగిస్తారు, అదే పేకింగు. పల్సటి కాయితానికి పేకింగు మందంగా ఉండాల. దళసరి కార్డు పెడితే ఆ మేరకి కిందనుంచి తీసీయాల, లేపోతే అక్షరాలు నలిగిపోతాయి. మావ ఆఖరుగా ఏసింది పల్సటి కాయితాలే గదా, పేకింగు నిండుగా ఉన్నాది. అత్తయ్య బిగింపులిప్పి పై కాయితం లేపింది. దాని కిందనే ఒక అట్ట ఉన్నాది. రెండు ముక్కలు, పక్కపక్కన ఆనించి అంటించినవి. ఎర్ర పట్టీ, బంగారు రంగు పేర్లు.

మిల్లోళ్ళ కార్డు.

ఇదెక్కడిది అని అడిగాను.

"ఎవడో జీతగాడొచ్చి గుమ్మంలో ఇసిరీసి పోయాడంట, నాను నూతికాడున్నాను" అంది అత్తయ్య. "ఆ ముక్కలు శానాసేపు సూసుకున్నాడు. మడత సూసాడు, ఒంపు సూసాడు, నాలిక మీద పెట్టి సూసాడు. మరి అంటించి ఇందులో పెట్టీసాడు. ఏటిది అని అడిగితే, మందం సరిపోయిందే అన్నాడు. పై కాయితం ఎన్నిసార్లు మార్సినా ఇదొక్కటీ తియ్యనిచ్చీవోడు కాదు."

అంటే నన్ను టీ తాగించి అడిగిననాటికే ఆయనకి తెలుసు. అది తన మిషను అచ్చు కాదని, డ్రమ్ము మిషనుదని, పట్టుకెల్లినోణ్ణి నానేనని. అడుగున పేరెందుకు నేదో కూడా తెలిసే ఉంటాది. ఆ ముక్కలు పట్టుకొని సంతలో నిలబడి, ఇది నా పని కాదు, ఫలానావోడి పని అని ఒక్కసారి అంటే సాలు. ఆయన పేరు ఆయనకి దక్కీది, నా కొట్టు లేసిపోయీది. ఎందుకూరుకున్నాడో నాకు తెలుసు. దానికే కోపం. ఎందుకురా అల్లుడూ ఇలాగ సేసేవు అని ఒక్క దెబ్బ కొట్టుంటే నాను ఈపాటికి మనిషినయ్యీవోణ్ణి.

అత్తయ్య ఆ అట్ట తీసి బల్లమీద పెట్టింది. దళసరి కార్డు ఎయ్యాలంటే అది బైటికి రావాల్సిందే. తరవాత మిషనెక్కి ఆవిడే తొక్కింది. నీ దగ్గిర ఇది కూడా దాచను. కార్డు పెట్టింది నానే గాని తొక్కింది అత్తయ్యే. మీ ఇంట్లో ఆడోళ్ళకి సెప్పి ఒప్పించుకుంటావో, సెప్పి తిట్లు తింటావో నీ ఇష్టం. అబద్ధం మాత్రం ఇంక నా నోట్లోంచి రాదు.

నువ్వడిగినదానికి జవాబు ఇదీ. గ్రాములు రెండొందలు, అంతకి మించొద్దు. పోగు మడత ఏపుకి. మడత సోట ముందే ఇత్తడి గీతతో నొక్కాల. పేర్లు ఒకే పేజీలో. పెద్ద డ్రమ్ము మిషను కాడికి ఎల్లకు, బల్లపరుపుగా ఏసే తొక్కుడు మిషను కావాల. అలాటి మిషను, అలాటి మనిషి సేతికింద నలిగిన మిషను, బొబ్బిల్లో ఒకటే ఉన్నాది, శుక్రోరం వరకు.

ఈ ఉత్తరంలో బాగా వొచ్చిన కార్డొకటి పెడతన్నాను. మడత పెట్టు. మళ్ళీ పెట్టు. తడిసేత్తో పసుపు రాసి, కవర్లో పెట్టి, లాగి సూడు. అడుగున పేరు సదువు.

ఆ పాత అట్ట మాత్రం మావ బల్లమీదే ఉన్నాది. పొద్దున్న వసారాలోకి ఏటవాలుగా ఎండొస్తాది గదా, అప్పుడు దానిమీద రెండేళ్ళుగా పడ్డ నొక్కులు కనిపిస్తన్నాయి. నీ ఉప్పు అట్టల నంబర్లు, బిల్లు పుస్తకాల గీతలు, ఎవులెవులివో సావు కాయితాల మాటలు, ఒకదానిమీద ఒకటి. ఎంత ఎతికినా ఒక్క పెళ్ళి పేరు కనిపించనేదు. అత్తయ్య ఏటీ అనదు, పొద్దున్నే మిషను తుడిసి, ఆ అట్ట పక్కన కూకొని ఈది ఏపు సూస్తంటాది.

మంగళోరం పాసింజరుకి వొస్తావా, బుధోరందానికా?